క్లాసికల్ గిటారిస్టు ఊళ్లు ఎందుకు తిరగాలి

విజయనగరం సంగీతం గురించి ఎవరు మాట్లాడినా ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు రాకుండా ఉండదు. ఆయన పుట్టింది 1893లో. అదే సంవత్సరం స్పెయిన్‌లోని లినారెస్ అనే ఊళ్లో గిటార్ వాద్యకారుడు అంద్రేస్ సెగోవియా పుట్టారు. సంగీతాలు వేరు, దేశాలు వేరు. చేసిన పని మాత్రం ఒకలాంటిదే. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ వచ్చి అప్పటికి వందేళ్లు దాటినా, అది గాయకుడి పక్కనే ఉండిపోయింది. ద్వారం వారు 1938లో వేలూరులో సోలో కచేరీ చేసి, వయొలిన్ ఒక్కటే ఒక సాయంత్రాన్ని నిలబెట్టగలదని చూపించారు. స్పెయిన్‌లో గిటార్ అప్పట్లో ఎక్కువగా పాటకీ ఆటకీ తోడుగా ఉండే జానపద వాద్యం. సెగోవియా 1909లో, పదహారేళ్ల వయసులో గ్రనాడాలో తొలి కచేరీ చేసి, 1924లో పారిస్, 1928లో న్యూయార్క్ చేరుకున్నారు. దాదాపు చనిపోయేదాకా, అంటే 1987 దాకా, తిరుగుతూనే ఉన్నారు. ఈరోజు ప్రపంచంలో క్లాసికల్ గిటార్ భుజాన వేసుకుని ఊరూరా తిరిగే ప్రతి వాద్యకారుడూ ఆయన వేసిన దారిలో నడుస్తున్నవాడే.

ఉత్తరాంధ్రలో గిటార్ కొత్త వస్తువేమీ కాదు. చర్చిల్లో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, కాలేజీ ఫంక్షన్లలో వినబడుతూనే ఉంటుంది. అయితే అది ఎక్కువగా స్టీలు తీగల గిటార్, పాట వెనక కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వాయించే పద్ధతి. ఎవరో ఒక్కరే కూర్చుని, నైలాన్ తీగల మీద వేళ్లతో మూడు నాలుగు స్వరపంక్తుల్ని ఒకేసారి నడిపిస్తూ జర్మన్ స్వరకర్త బాఖ్ సంగీతం వాయించడం ఫోన్‌లో చూసి, తానూ అలా దేశాలు తిరగాలనుకునే పిల్లలు శ్రీకాకుళంలోనైనా ఉండొచ్చు, పార్వతీపురంలోనైనా ఉండొచ్చు. ఆ వృత్తి లోపల ఎలా నడుస్తుందో వాళ్లకీ, ఫీజులు కట్టే వాళ్ల అమ్మానాన్నలకీ ఎవరో ఒకరు వివరంగా చెప్పాలి. చాలామంది అదంతా ప్రతిభ మీదే ఆధారపడి ఉందనుకుంటారు. ప్రతిభ లేకపోతే మొదటి మెట్టే లేదు, అది నిజం. కానీ ఆ వృత్తికి ఆ ఆకారం రావడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది: క్లాసికల్ గిటార్ చప్పుడు చిన్నది.

వయొలిన్ మీద కమాను కదులుతున్నంతసేపూ తీగకి బలం అందుతూనే ఉంటుంది. గిటార్ తీగని ఒకసారి మీటాక చేసేదేమీ లేదు, ఆ నాదం క్రమంగా తగ్గిపోతుంది. ఇప్పుడు వాడుతున్న గిటార్ రూపం 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో అంటోనియో డి టోరెస్ అనే వడ్రంగి చేతిలో కుదిరింది. తీగ పొడవు సుమారు 650 మిల్లీమీటర్లు. ఆరు తీగలూ కలిపి నలభై కిలోల బరువుకి దగ్గరగా లాగుతుంటే, రెండున్నర మిల్లీమీటర్ల మందం కూడా సరిగా ఉండని పైపలక ఆ లాగుడుని తట్టుకోవాలి, మళ్లీ స్వేచ్ఛగా కంపించాలి. పలక మందం పెంచితే నాదం చచ్చిపోతుంది, తగ్గిస్తే పలక వంగిపోతుంది. తయారీదార్లు ఎన్ని ఉపాయాలు పన్నినా మైక్ లేకుండా ఈ వాద్యం చక్కగా వినిపించేది రెండు మూడు వందల కుర్చీల హాలులో. ఇదే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి, ఒంటి గొంతుతో హరికథ చెబుతుంటే జనం మైదానం నిండా కూర్చుని వినేవారు. గిటార్‌కి ఆ యోగం లేదు. సెగోవియా వేల మంది పట్టే హాళ్లలో కూడా మైక్ లేకుండానే వాయించారు. జనం ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. గిటారిస్టు జాన్ విలియమ్స్ లాంటి తర్వాతి తరం వాళ్లు మంచి మైక్ వాడటంలో తప్పు లేదన్నారు. ఆ వాదన నేటికీ తెగలేదు. ఎక్కువమంది వాద్యకారులు మాత్రం ఇప్పటికీ చిన్న హాలునే కోరుకుంటారు.

చిన్న హాలు అంటే తక్కువ టికెట్లు. తక్కువ టికెట్లు అంటే ఒక్కో కచేరీకి తక్కువ డబ్బు. కాబట్టి ఎక్కువ కచేరీలు చెయ్యాలి. ఒకే ఊళ్లో ఏడాదికి ఒకటికి మించి నడవదు గనుక ఎక్కువ ఊళ్లు తిరగాలి. ప్రయాణాలంటే ఇష్టం ఉండి తిరిగేవాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, వృత్తి మొత్తం తిరుగుడు మీద నిలబడటానికి ఇదే లెక్క.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది. యూరప్‌లోనో అమెరికాలోనో వయొలిన్ నేర్చుకున్నవాడు సోలో వాద్యకారుడు కాలేకపోయినా ఆర్కెస్ట్రాలో చేరి నెల జీతం తీసుకోవచ్చు. ఒక పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్లకే ముప్ఫై దాకా కుర్చీలుంటాయి. గిటార్‌కి శాశ్వతమైన కుర్చీ ఒక్కటీ లేదు. ఆర్కెస్ట్రాతో కలిసి గిటార్ వాయించే పెద్ద రచనలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో అందరూ అడిగేది హోవకీన్ రోడ్రిగో 1939లో రాసిన కన్‌చెర్టో. మూడేళ్ల వయసులోనే చూపు పోయిన మనిషి రాసిన ఆ రచన గిటార్‌ని పెద్ద హాళ్లలోకి తీసుకెళ్లింది. అయినా ఏడాది పొడవునా దాని మీదే బతికే వాద్యకారులు చాలా కొద్దిమంది. మిగతావాళ్లకి ఉన్నవి రెండే దారులు: ఒంటరిగా కచేరీ, పాఠం.

మరి ఈ చిన్న కచేరీలు ఎవరు పెట్టిస్తారు? పెద్ద కంపెనీలు కాదు. అమెరికా, యూరప్ ఊళ్లలో గిటార్ అంటే ప్రాణం పెట్టే కొందరు చేరి నడిపే సొసైటీలు. వాళ్లలో డాక్టర్లుంటారు, బడిపంతుళ్లుంటారు, రిటైరైన ఉద్యోగులుంటారు. ఏడాదికి నాలుగైదు కచేరీలు పెడతారు. వాద్యకారుడు చాలాసార్లు వాళ్లలో ఒకరి ఇంట్లోనే బస చేస్తాడు, వాళ్ల వంటే తింటాడు. శుక్రవారం దిగి, శనివారం వాయించి, ఆదివారం పొద్దున అక్కడి విద్యార్థులకి అందరి ముందూ పాఠం చెప్పి, మధ్యాహ్నానికి ఇంకో ఊరు బయల్దేరతాడు. దారిలో ఒక బడిలో అరగంట వాయించి పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్పడం కూడా ఒప్పందంలో భాగమే. ఈ రకం ఏర్పాటు మనవాళ్లకి కొత్త కాదు. రామనవమి పందిళ్లకీ, త్యాగరాజ ఆరాధనలకీ వచ్చిన విద్వాంసులు ఊరిపెద్దల ఇళ్లలో దిగడం, పొద్దున్నే ఊరి పిల్లలు వెళ్లి కీర్తన దిద్దించుకోవడం కోస్తా ఊళ్లన్నిటికీ తెలిసిన పద్ధతే.

ఈ గొలుసులోకి కొత్తవాళ్లు ఎలా ప్రవేశిస్తారంటే, ఎక్కువగా పోటీల ద్వారా. స్పెయిన్‌లో పాతతరం గిటారిస్టు తారెగా పేరు మీద, ఇటలీలో అలెస్సాండ్రియా ఊళ్లో, ఇంకా చాలా చోట్ల పోటీలున్నాయి. వాటిలో వృత్తిని నేరుగా మలుపు తిప్పేది అమెరికాలో గిటార్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా నడిపే అంతర్జాతీయ పోటీ. ఎందుకంటే అక్కడ మొదటి బహుమతి నగదుతో ఆగిపోదు. గెలిచినవాళ్లకి ఉత్తర అమెరికా అంతటా యాభై దాకా కచేరీల పర్యటన ఏర్పాటు చేస్తారు, ఒక రికార్డింగ్ కూడా చేయిస్తారు. 1992లో పందొమ్మిదేళ్ల వయసులో జేసన్ వియో ఈ పోటీ గెలిచారు. ఆయనకి గ్రామీ అవార్డు వచ్చింది 2015లో. మధ్యలో ఇరవై మూడేళ్లు గడిచాయి. పోటీ గెలుపు మొదటి సంవత్సరానికి కచేరీలు ఇస్తుంది, రెండో సంవత్సరానికి ఏమీ ఇవ్వదు. వచ్చే ఏడాది ఇంకో విజేత వస్తాడు, సొసైటీలన్నీ అతన్ని పిలుస్తాయి. పాతవాణ్ని మళ్లీ పిలవాలంటే మొదటిసారి వచ్చినప్పుడు ఆ ఊరి జనానికి అతను నచ్చి ఉండాలి. వాయింపు ఒక్కటే కాదు, పిల్లలకి పాఠం చెప్పిన తీరు, ఇచ్చిన మాట ప్రకారం వేళకి రావడం, ఆతిథ్యం ఇచ్చినవాళ్లతో మాట్లాడిన పద్ధతి అన్నీ లెక్కలోకి వస్తాయి. పోటీకి తయారయ్యే పిల్లలకి ఈ సగం ఎవరూ నేర్పరు, అదే బాధగా అనిపిస్తుంది.

ఏం వాయించాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. పియానోకి ఉన్నన్ని రచనలు గిటార్‌కి లేవు. బీథోవెన్, బ్రామ్స్ లాంటివాళ్లు సోలో గిటార్‌కి ఏమీ రాయలేదు. సెగోవియా అందుకే స్వరకర్తల వెంటపడి మరీ రాయించుకున్నారు. మెక్సికోలో పోన్సే, బ్రెజిల్‌లో విల్లా-లోబోస్, ఇటలీకి చెందిన కాస్టెల్నువో-టెడెస్కో అలా వచ్చినవాళ్లే. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో గిటారిస్టు జూలియన్ బ్రీమ్, స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ చేత 1963లో రాయించారు. గొప్ప వాద్యకారులు కచేరీలతో పాటు వాయించడానికి రచనల్ని కూడా పెంచారన్నమాట. ఈరోజు కొత్తగా వచ్చేవాళ్ల పేరు నిలవాలన్నా అదే మార్గం.

మన కచేరీకీ ఆ కచేరీకీ ఉన్న తేడా ఇక్కడ గమనించాలి. కర్ణాటక విద్వాంసుడు సభని చూసి రాగం ఎంచుకోవచ్చు, ఆలాపన పెంచొచ్చు, తగ్గించొచ్చు. మృదంగం, వయొలిన్ ఆ ఊరివాళ్లే పక్కన కూర్చోవచ్చు. క్లాసికల్ గిటారిస్టు గంటన్నర కార్యక్రమాన్ని ఏడాది ముందే నిర్ణయించి కరపత్రంలో అచ్చుకి ఇచ్చేస్తాడు. కాగితం చూడకుండా, ప్రతి స్వరం ముందే రాసి ఉన్నదాన్ని, అదే వరసలో, నలభై ఊళ్లలో వాయించాలి. పక్కన ఎవరూ ఉండరు. ఒకచోట మరుపొస్తే ఆదుకునేవాళ్లు లేరు. ఆ టెన్షన్ మామూలుది కాదు. నలభయ్యోసారి కూడా ఆ రచన తనకే కొత్తగా వినబడేటట్టు వాయించగలగడం ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన విద్య.

శరీరం సంగతి కూడా చెప్పుకోవాలి. కుడిచేతి గోళ్లే ఈ వాద్యానికి మీటు. గోరు వంపు కొంచెం మారినా నాదం మారిపోతుంది. అందుకని సన్నటి ఎమరీ పేపర్‌తో రోజూ నున్నగా చేసుకుంటారు. పర్యటనలో సూట్‌కేసు తియ్యబోతుంటే గోరు విరిగిందనుకోండి, పింగ్‌పాంగ్ బంతి ముక్క కత్తిరించి గమ్‌తో అతికించుకుని వేదికెక్కిన గిటారిస్టులు ఎంతోమంది. గోరు మళ్లీ పెరుగుతుంది గానీ వేళ్లు మాట వినకపోతే సులువైన మందు లేదు. ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సమస్యలో వాయించేటప్పుడు మాత్రమే వేలు ముడుచుకుపోతుంది. అమెరికన్ గిటారిస్టు డేవిడ్ లీస్నర్ దానివల్ల ఏళ్లతరబడి ఆగిపోయి, కదలికలన్నీ కొత్తగా నేర్చుకుని మళ్లీ వేదిక మీదికి వచ్చారు. ఫ్రాన్స్‌కి చెందిన ఈడా ప్రెస్తీ 1967లో అమెరికా పర్యటనలోనే చనిపోయారు. అప్పటికి ఆమెకి ఇంకా నలభై మూడేళ్లు నిండలేదు.

వాద్యాన్ని కాపాడుకోవడం ఇంకా పెద్ద పని, అందులోనూ మన తీరప్రాంతం నుంచి బయల్దేరేవాళ్లకి. గిటార్ చెక్కకి గాలిలో తేమ నలభై అయిదు నుంచి యాభై అయిదు శాతం మధ్య ఉంటే సుఖం. శ్రీకాకుళంలో వానాకాలం ఎనభై దాటడం మామూలే. ఆ తేమ తాగి పలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, వేలికి బరువవుతుంది. అదే గిటార్‌ని జనవరిలో జర్మనీ పట్టుకెళితే, హీటర్లు వేసిన గదిలో తేమ ముప్ఫై కన్నా కిందకి పడిపోతుంది. చెక్క ఒక్కసారిగా ఎండి చీలిపోతుంది. అందుకే పెట్టెలో తేమ చూపించే మీటరూ, తేమనిచ్చే తడి స్పాంజి గొట్టమూ పెట్టుకుని తిరుగుతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేసే పనివాళ్లకి చెక్క మనసు బాగా తెలుసు. మెట్లు మైనంలో నిలబెట్టిన వీణతో ఎండాకాలం రైలెక్కిన వైణికులకీ ఈ భయం పరిచయమే.

గిటార్ పక్కలకీ వెనక పలకకీ ఎక్కువగా వాడే కలప మన దక్షిణాది రోజ్‌వుడ్, తెలుగులో జిట్రేగి అనే చెట్టుది. బ్రెజిల్ రోజ్‌వుడ్ మీద 1992లో అంతర్జాతీయ నిషేధం వచ్చాక ప్రపంచమంతా ఎక్కువగా మన కలపనే వాడుతోంది. 2017లో రోజ్‌వుడ్ జాతులన్నిటి రవాణాకీ అనుమతి పత్రాలు కావాలన్నప్పుడు తయారీదార్లూ అమ్మకందార్లూ అల్లాడిపోయారు. వాద్యకారులు కూడా సరిహద్దుల్లో ఏమడుగుతారోనని హడలిపోయారు. తయారైన వాద్యాలకి 2019లో మినహాయింపు ఇచ్చాక ఆ బెంగ తీరింది. బ్రెజిల్ కలప గిటార్ ఉన్నవాళ్లకి మాత్రం కాగితాల పని ఇప్పటికీ తప్పదు. విమానం సంగతి అంతకన్నా చిక్కు. మీటరు పొడవు పెట్టె చేతిసామాను కొలతల్లోకి రాదు. చోటుంటే చిన్న వాద్యాలని లోపలికి అనుమతించాలని అమెరికా 2012లో చట్టం చేసింది. మిగతా చోట్ల గేటు దగ్గర ఉన్న ఉద్యోగి దయ.

ఇక డబ్బు. ఏజెంటు ఉంటే సాధారణంగా పదిహేను నుంచి ఇరవై శాతం కమిషన్. అమెరికాలో విదేశీ కళాకారుడి పారితోషికంలోంచి ముప్ఫై శాతం పన్ను కింద ముందే పట్టుకోవడం అక్కడి మామూలు నియమం, ఖర్చులు చూపించి తర్వాత వెనక్కి అడుక్కోవాలి. యూరప్‌లో ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాల్లో ఏ నూట ఎనభై రోజుల్లోనైనా తొంభై రోజులకి మించి ఉండటానికి లేదు. మన పాస్‌పోర్టుతో ప్రతి పర్యటనకీ వీసా కోసం ఆహ్వాన పత్రాలూ, బ్యాంకు కాగితాలూ పట్టుకుని తిరగాలి. రాబడి పక్కన ఇవన్నీ తీసేస్తే కచేరీ ఒక్కటే ఇల్లు నడపదు. అందుకే ప్రపంచంలో పేరున్న గిటారిస్టుల్లో చాలామంది ఏదో ఒక సంగీత కళాశాలలో ఉద్యోగం చేస్తుంటారు. జేసన్ వియో గ్రామీ రాకముందు నుంచే క్లీవ్‌లాండ్‌లో పాఠాలు చెబుతున్నారు. జీతం ఒకచోట నిలకడగా వస్తుంటేనే పర్యటన ధైర్యంగా చెయ్యగలరు.

ఈ సూత్రం విజయనగరానికి 1919 నుంచే తెలుసు. రాజా విజయరామ గజపతిరాజు ఆ సంవత్సరం సంగీత కళాశాల పెట్టి నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. ఇరవై ఆరేళ్ల ద్వారం వారికి వయొలిన్ ఆచార్య పదవి ఇచ్చారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. దేశమంతా తిరిగి వాయించిన ద్వారం వారి వెనక ఈ ఉద్యోగం ఉంది, రోజూ ఎదురుగా కూర్చునే శిష్యులున్నారు. ఘంటసాల గారు చదువుకున్నదీ ఈ కళాశాలలోనే. సంగీతంలో ఆ మహానుభావుల గొప్పతనాన్ని తలుచుకునేటప్పుడు, వాళ్లకి నెలనెలా అందిన జీతాన్ని కూడా తలుచుకోవాలి.

గిటార్ పట్టిన మన పిల్లల పరిస్థితి చూస్తే, లేనిది సరిగ్గా ఈ ఆసరానే. మన సంగీత కళాశాలలు కర్ణాటక సంగీతం కోసం పుట్టినవి. పాశ్చాత్య క్లాసికల్ గిటార్ నేర్చుకోవాలంటే ఎక్కువమందికి ఉన్న దారి లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షలు. ఎనిమిది గ్రేడులు, ఆ పైన డిప్లొమాలు. ఇళయరాజా గారు ట్రినిటీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకున్న సంగతి సినిమా సంగీతం వినేవాళ్లకి తెలుసు. పరీక్షలు రాయడం వేరు, పోటీకి తగ్గ వాయింపు వేరు. అవతల యూరప్‌లో ఏడెనిమిదేళ్లకి మొదలుపెట్టినవాళ్లు ఇరవై రెండేళ్లకి పోటీలో దిగుతారు. చాలా పోటీలకి ముప్ఫై, ముప్ఫై అయిదు దగ్గర వయోపరిమితి ఉంటుంది. ఇంటర్ అయ్యాక స్టీలు తీగల నుంచి నైలాన్‌కి మారి, అప్పుడు స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) చదవడం మొదలుపెడితే ఆ లెక్క కుదరదు. కాబట్టి తల్లిదండ్రులు పిల్లలకి పదేళ్ల లోపే నైలాన్ గిటార్, చిన్న సైజుది, చేతికివ్వాలి. నొటేషన్ మొదటి రోజు నుంచే చదివించాలి. ఆన్‌లైన్ పాఠాల వల్ల దూరదేశపు గురువు ఇప్పుడు అందుతున్నాడు, అది ఈ తరానికి వచ్చిన నిజమైన అదృష్టం. కానీ చేతిని పట్టుకుని మణికట్టు సరిచేసే మనిషి నెలకోసారైనా ఎదురుగా ఉండాలి.

ఇంకో సగం పని ఊరిది. కోల్‌కతాలో క్లాసికల్ గిటార్ నేర్చుకునేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు, చెన్నైలో పాశ్చాత్య సంగీతానికి బడులున్నాయి. విదేశీ గిటారిస్టులు ఆ రెండు నగరాలకీ వస్తుంటారు. హౌరా నుంచి చెన్నై వెళ్లే ప్రధాన రైలుమార్గం పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం మీదుగానే పోతుంది. మధ్యలో ఒకరోజు ఇక్కడ దించడానికి పెద్ద సంస్థ అక్కర్లేదు. గిటార్ నేర్పే మాస్టార్లు, కాలేజీ లెక్చరర్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కలిస్తే చాలు. ఒక్క మనిషికి రైలు టికెట్, ఒక ఇంట్లో గది, భోజనం, ఒప్పుకున్న పారితోషికం. ఆనంద గజపతి ఆడిటోరియం అంత పెద్దది కూడా వద్దు. నూట యాభై కుర్చీలు పట్టే బడి హాలు, తలుపులు మూసినా ఉక్కపోయని కాలం కావాలి. ఎందుకంటే సీలింగ్ ఫ్యాన్లు తిరుగుతుంటే ఈ వాద్యం నాలుగో వరసకి చేరదు, బయట జనరేటర్ పెడితే అసలే వినబడదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఫ్యాన్లు ఆపి కూర్చోగలిగిన సాయంత్రాలు ఇక్కడ దొరుకుతాయి. కోల్‌కతా, చెన్నైలలో కచేరీల హడావుడి కూడా అప్పుడే. సాయంత్రం కచేరీ, మర్నాడు పొద్దున పిల్లలకి రెండు గంటల పాఠం, మధ్యాహ్నం రైలు. కళాకారులు తేదీలు ఏడాది ముందే ఖాయం చేసుకుంటారు గనుక ఉత్తరం రాయాల్సింది అంతకు ముందటి శీతాకాలంలోనే.